అమీర్‌పేటలో తిరిగిన బండి: హైదరాబాద్ మెట్రో బ్లూ లైన్‌పై ఒక కేస్ స్టడీ

2019 మార్చి నెలాఖరులో ఒక ఉదయం నేను హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో గంటన్నర సేపు నిలబడ్డాను. చేతిలో చిన్న నోట్‌బుక్, ఫోన్‌లో స్టాప్‌వాచ్. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వరకు 10 కిలోమీటర్ల లైను తెరిచి అప్పటికి కొద్ది రోజులే అయింది. బండి వచ్చి ఆగింది. జనం దిగారు. ముందు క్యాబిన్ తలుపు తీసుకుని ట్రైన్ ఆపరేటర్ బయటికి వచ్చాడు. భుజానికి బ్యాగు, చేతిలో వాకీటాకీ. మూడు బోగీల పొడవునా, అంటే 60 మీటర్లకు పైనే, దిగినవాళ్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ వెనక క్యాబిన్ దాకా నడిచాడు. తలుపు వేసుకున్నాక కాసేపటికి ముందు దీపాలు అటు వెలిగాయి. బండి వచ్చిన పట్టాల మీదే వెనక్కి వెళ్లిపోయింది.

రైళ్ల టైమ్‌టేబుళ్లు తయారుచేయడమే నా పని. ఆ నడక ఎంతసేపు పట్టిందో ప్రతి బండికీ రాసుకున్నాను. పక్కన నిలబడిన ఒక ఐటీ ఉద్యోగి నా నోట్‌బుక్ చూసి, "బండ్లు ఎక్కువ పెడితే సరిపోతుంది కదా సార్, ఇదంతా ఎందుకు?" అని అడిగాడు. అందరికీ వచ్చే ప్రశ్నే అది. ఈ లైను మీద అప్పట్లో ఎన్ని బండ్లు తెచ్చి పెట్టినా హైటెక్ సిటీకి అంతకంటే ఎక్కువ పంపడం కుదిరేది కాదు. కొరత బండ్లది కాదు, చివర్లో బండి తిరిగే చోటుది.

నాగోల్ నుంచి రాయదుర్గం వరకు ఉన్న ఈ లైను చరిత్ర మొత్తాన్ని నేను ఆ కోణంలోనే చూస్తాను. ఏ ఏడాది ఏ స్టేషన్ చివరి స్టేషన్‌గా ఉంది, అక్కడ బండిని ఎలా తిప్పారు, ఆ తిప్పే ఏర్పాటు తర్వాత దేనికి పనికొచ్చింది అన్నవి చూస్తే చాలు, సర్వీసులో వచ్చిన ప్రతి మార్పూ అర్థమవుతుంది.

ఉగాదికి రావాల్సిన రైలు

హైదరాబాద్ మెట్రోకు మొదటి టెండరు 2008లో ఖరారైంది. సత్యం కంప్యూటర్స్ అధినేత కుటుంబానికి చెందిన మేటాస్ నాయకత్వంలోని కంపెనీల కూటమి ప్రభుత్వం నుంచి సాయం అడగకపోగా, తిరిగి తామే 30,311 కోట్లు ఇస్తామంది. సత్యం కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో మళ్లీ టెండరు పిలిస్తే ఎల్ అండ్ టీ 1,458 కోట్ల ప్రభుత్వ సాయం అడిగి గెలిచింది. ఆ ఏడాది సెప్టెంబర్ 4న ఒప్పందం కుదిరింది. మూడు కారిడార్లు, దాదాపు 72 కిలోమీటర్లు. మూడో కారిడార్‌ను మొదట నాగోల్–శిల్పారామం అని గీశారు, తర్వాత రాయదుర్గం దాకా తీసుకెళ్లారు. ఇప్పుడు బ్లూ లైన్ అంటున్నది దీన్నే.

పనులు ముందుగా ఊపందుకున్నది నాగోల్ వైపు. కారణం ఉప్పల్ డిపో. వంద ఎకరాలకు పైగా ఉన్న ఆ డిపోలోనే కంట్రోల్ సెంటర్ కూడా ఉంది. డిపో ఎక్కడుంటే లైను అక్కడి నుంచే పెరుగుతుంది. బండి పట్టాలెక్కాలన్నా, రాత్రికి ఇంటికి చేరాలన్నా దారి అక్కడి నుంచే కదా. దక్షిణ కొరియాలో హ్యుందాయ్ రోటెమ్ తయారుచేసిన మొదటి రైలు 2014 మేలో ఉప్పల్ చేరింది. నాగోల్ నుంచి మెట్టుగూడ వరకు 8 కిలోమీటర్లు ముందుగా పూర్తిచేసి, 2015 మార్చి 21న, ఉగాది రోజున ప్రయాణికులకు తెరవాలన్నది అప్పటి ప్లాన్.

ఆ ఉగాదికి రైలు నడవలేదు. ఆ తర్వాత ఇంకో రెండు ఉగాదులు కూడా అలాగే వెళ్లిపోయాయి. హబ్సిగూడలో, తార్నాకలో కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు తలెత్తి చూస్తే పైన ఖాళీ బండి ట్రయల్ రన్‌లో సాగిపోతుండేది. అప్పట్లో జనానికి చాలా కోపం వచ్చింది. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ప్లానర్‌గా నన్ను అడిగితే, ఆ 8 కిలోమీటర్లు మాత్రమే తెరవకపోవడం తప్పని చెప్పలేను. నాగోల్‌లో ఎక్కిన మనిషి మెట్టుగూడలో దిగి ఏం చేయాలి? అక్కడి నుంచి సికింద్రాబాద్‌కో, బేగంపేటకో, అమీర్‌పేటకో మళ్లీ బస్సు పట్టుకోవాలి. ఉప్పల్‌లో ఎక్కిన బస్సు నేరుగా సికింద్రాబాద్ వెళ్తుంటే, మెట్టుగూడ దాకా మెట్రోలో వచ్చి అక్కడ మెట్లు దిగి ఇంకో బస్సు కోసం ఎవరు నిలబడతారు? లైను ఎంత పొడవుంది అన్నదానికంటే ఎక్కడ ఆగిపోయింది అన్నదే జనం చూస్తారు.

అయితే ఆ ప్లాన్ వల్ల ఒక మేలు జరిగిందని నా అభిప్రాయం. ఒక స్టేషన్‌ను కొన్నాళ్లకైనా చివరి స్టేషన్‌గా అనుకున్నప్పుడు అక్కడ బండిని తిప్పే ఏర్పాటు ఉండి తీరాలి. అంటే ఈ పట్టాల నుంచి ఆ పట్టాలకు దాటించే క్రాసోవర్ కావాలి. ఉగాదులు వెళ్లిపోయినా పట్టాల్లో వేసిన ఇనుము ఎక్కడికీ పోదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, అమీర్‌పేట దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

పదహారు నెలల అమీర్‌పేట

2017 నవంబర్ 28న మియాపూర్‌లో ప్రధానమంత్రి మెట్రోను ప్రారంభించారు. మర్నాటి నుంచి జనానికి తెరిచారు. ఒకేసారి 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. అందులో మియాపూర్–అమీర్‌పేట మొదటి కారిడార్‌ది, నాగోల్–అమీర్‌పేట మూడో కారిడార్‌ది. పేపర్లలో మియాపూర్–నాగోల్ మెట్రో అని రాశారు కానీ అవి రెండు లైన్లు. మియాపూర్‌లో ఎక్కినవాళ్లు అమీర్‌పేటలో దిగి, స్టేషన్‌లోనే ఇంకో అంతస్తుకు వెళ్లి, నాగోల్ బండి ఎక్కాలి. మొదటి రోజుల్లో చాలామందికి ఇది కొత్త. ఒకే టికెట్ మీద బండి మారడం బస్సుల్లో మనకు అలవాటు లేని పని.

అప్పటి నుంచి 2019 మార్చి దాకా, దాదాపు పదహారు నెలలు, బ్లూ లైనుకు అమీర్‌పేటే చివరి స్టేషన్. ఈ మధ్యలో 2018 సెప్టెంబర్ 24న మొదటి కారిడార్ అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా తెరుచుకుంది. దాంతో ఆ మొదటి కారిడార్ (రెడ్ లైన్) బండ్లు అమీర్‌పేట మీదుగా సాగిపోవడం మొదలైంది, బ్లూ లైన్ బండ్లు మాత్రం అక్కడే తిరుగుతున్నాయి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ నుంచి వచ్చిన జనం, కూకట్‌పల్లి, మియాపూర్ నుంచి వచ్చిన జనం అమీర్‌పేటలో దిగి, హైటెక్ సిటీ వైపు వెళ్లడానికి కిందికి వచ్చి ఆటోలు, బస్సులు వెతుక్కునేవారు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల జనమే రోడ్డు మీద పట్టరు, వాళ్లకు వీళ్లు తోడయ్యారు.

ఆ పదహారు నెలల్లో లైను ప్లానర్లకు ఒక విషయం తెలిసిపోయి ఉండాలి. పడమటి భాగం తెరిచిన రోజున అమీర్‌పేట నుంచి అవతలికి వెళ్లే బండి మీద మూడు వైపుల జనం పడతారు. నాగోల్ నుంచి అదే బండిలో వచ్చినవాళ్లు, ఎల్బీ నగర్ వైపు నుంచి వచ్చి మారేవాళ్లు, మియాపూర్ వైపు నుంచి వచ్చి మారేవాళ్లు. లైను మ్యాపు మీద ఒకే రంగు గీత. లోపల మోసే బరువు మాత్రం అమీర్‌పేటకు ఇటు ఒకటి, అటు ఒకటి. ఈ తేడాను టైమ్‌టేబుల్‌లో ఎలా సర్దాలన్నది అప్పటికీ ఇప్పటికీ ఈ లైను అసలు ప్రశ్న.

ఒక్కో పట్టా మీద రాకపోకలు

ఇక మళ్లీ హైటెక్ సిటీకి వద్దాం. 2019 మార్చి 20న అప్పటి గవర్నర్ నరసింహన్ ఆ 10 కిలోమీటర్లనూ ప్రారంభించారు. ఆ రోజుకు హైటెక్ సిటీ దాటాక బండిని తిప్పే రివర్సల్ సౌకర్యం సిద్ధంగా లేదు. అందుకని జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి హైటెక్ సిటీ వరకు ట్విన్ సింగిల్ లైన్ పద్ధతిలో నడిపారు. మామూలుగా ఒక పట్టా వెళ్లడానికి, ఒకటి రావడానికి. ఈ పద్ధతిలో ఒక బండి ఏ పట్టా మీద వెళ్తే అదే పట్టా మీద తిరిగి రావాలి. పల్లెలో ఒకే ఎద్దుబండి పట్టే కట్ట దారి లాంటిదన్నమాట. లోపలికి వెళ్లిన బండి బయటికి వచ్చేదాకా ఇంకోటి దిగడానికి లేదు.

దీని ధర ఎంతో లెక్క వేసి చూపిస్తాను. ఇది అర్థం కావడానికి వేసిన లెక్కే, ఆనాటి అసలు టైమ్‌టేబుల్ కాదు. చెక్‌పోస్ట్ దగ్గరి క్రాసోవర్ నుంచి హైటెక్ సిటీ వెళ్లి, ఆగి, ఆపరేటర్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, తిరిగి క్రాసోవర్ దాటడానికి 18 నిమిషాలు పట్టిందనుకుందాం. ఒక పట్టా మీద 18 నిమిషాలకు ఒక బండి. రెండు పట్టాలు కలిపితే 9 నిమిషాలకు ఒకటి. గంటకు ఆరో ఏడో బండ్లు. బండికి దాదాపు వెయ్యి మంది పడతారు కాబట్టి గంటకు ఆరేడు వేల మంది. డిపోలో ఎన్ని బండ్లు ఖాళీగా ఉన్నా, సిగ్నలింగ్ ఎంత కొత్తదైనా ఆ అంకె మారదు. ఈ లైనులో థేల్స్ కంపెనీ వాళ్ల కమ్యూనికేషన్ ఆధారిత సిగ్నలింగ్ ఉంది. అంటే బండ్లు ఒకదానితో ఒకటి దూరం చూసుకుంటూ చాలా దగ్గరగా నడవగలవు. అంత మంచి ఏర్పాటు ఉన్నా, చివరి నాలుగు స్టేషన్లలో పట్టా దొరకకపోతే అక్కడ దాని బలం పనికిరాదు.

మధ్యలో ఉన్న జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి, మాదాపూర్ స్టేషన్లను మొదటి రోజే తెరవలేదు. తర్వాతి వారాల్లో ఒక్కొక్కటిగా తెరిచారు. కొందరు దీన్ని పనులు పూర్తికాకపోవడంగానే చూశారు. నేనైతే ఇంకోటి కూడా చూస్తాను. సింగిల్ లైన్ భాగంలో ఒక్కో స్టాప్ పెరిగితే బండి లోపల ఉండే సమయం అర నిమిషం, ముప్పావు నిమిషం పెరుగుతుంది, అదీ వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. పైన చెప్పిన 18 నిమిషాల లెక్కలో మూడు స్టాపులు కలిపితే నాలుగు నిమిషాల దాకా పెరుగుతుంది. అప్పుడు 9 నిమిషాలకు వచ్చే బండి 11 నిమిషాలకు వస్తుంది.

అదే ఏడాది హైటెక్ సిటీ అవతల రివర్సల్ సిద్ధమైంది. చాలామంది ప్రయాణికులకు ఆ రోజు సంగతి తెలియను కూడా తెలియదు. దానికి రిబ్బన్ కట్ చేసే హడావిడి ఉండదు కదా. నా దృష్టిలో మాత్రం బ్లూ లైన్ నిజంగా పుట్టింది ఆ రోజే. బండి స్టేషన్‌లో జనాన్ని దింపి, ముందుకు వెళ్లి, అక్కడ తిరిగి, రెండో పట్టా మీద వచ్చి ఎక్కించుకోగలిగితే, దిగేవాళ్లకూ ఎక్కేవాళ్లకూ వేర్వేరు ప్లాట్‌ఫాంలు. ఆపరేటర్ జనం మధ్య నడవక్కర్లేదు. వెనక బండి వచ్చి ఆగడానికి ప్లాట్‌ఫాం వెంటనే ఖాళీ అవుతుంది.

2019 నవంబర్ 29న, మొదటి సర్వీసుకు సరిగ్గా రెండేళ్లు నిండిన రోజున, రాయదుర్గం వరకు ఇంకో ఒకటిన్నర కిలోమీటరు తెరిచారు. దాంతో నాగోల్–రాయదుర్గం 23 స్టేషన్లతో పూర్తయింది. 2020 ఫిబ్రవరి 7న రెండో కారిడార్‌లో జేబీఎస్–ఎంజీబీఎస్ కూడా తెరవడంతో పరేడ్ గ్రౌండ్స్ దగ్గర బండి మారే చోటు ఇంకోటి వచ్చింది.

ఐదు బండ్లతో యాభై శాతం

రాయదుర్గం తెరిచాక ఒక విచిత్రం జరిగింది. మామూలుగా లైను చివరి స్టేషన్‌లో రద్దీ పల్చగా ఉంటుంది. ఇక్కడ చివరిదే అత్యంత రద్దీ స్టేషన్లలో ఒకటైంది. 2023 జూలై 3న మెట్రో ప్రయాణికులు మొదటిసారి 5 లక్షలు దాటి 5.10 లక్షలకు చేరారు. అందులో మొదటి కారిడార్‌లో 2.60 లక్షలు, మూడో కారిడార్‌లో 2.25 లక్షలు, రెండో కారిడార్‌లో 25 వేలు. స్టేషన్లవారీగా చూస్తే రాయదుర్గం 32 వేలతో అన్నిటికంటే ముందుంది, ఎల్బీ నగర్, అమీర్‌పేట దాని తర్వాతే.

చివరి స్టేషనే రద్దీ స్టేషన్ కావడం టైమ్‌టేబుల్ వాళ్లకు తలనొప్పి. సాయంత్రం ఆరున్నరకు ఆఫీసులు వదిలాక ప్లాట్‌ఫాం నిండిపోతుంది. ఖాళీ బండి వచ్చి ఆగగానే అందరూ సీటు కోసం ఒకేసారి తోసుకుంటారు, తలుపులు మూసుకోవడం ఆలస్యమవుతుంది. మధ్య స్టేషన్‌లో పది సెకన్ల ఆలస్యం తర్వాతి స్టేషన్లలో కొంత సర్దుకుంటుంది. బండి తిరిగే చోట జరిగే ఆలస్యం అలా సర్దుకోదు. వెనక వచ్చేది బయట ఆగుతుంది, దాని వెనకది దుర్గం చెరువు దగ్గర నెమ్మదిస్తుంది. ఆ బండ్లలో ఉన్నవాళ్లకు ఎందుకు ఆగిందో కూడా తెలియదు.

మరి పడమటి భాగానికి బండ్లు పెంచడం ఎలా? దీనికి వాడిన ఉపాయం షార్ట్ లూప్. అంటే కొన్ని బండ్లను లైను మొత్తం నడపకుండా రద్దీ ఉన్న అమీర్‌పేట–రాయదుర్గం మధ్యే తిప్పడం. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. అమీర్‌పేటలో బండి తిరగాలంటే అక్కడ తిరిగే ఏర్పాటు ఉండాలి. పదహారు నెలలు అది చివరి స్టేషన్‌గా ఉంది కాబట్టే ఆ ఏర్పాటు ఉంది. 2017లో వేరే దారి లేక వాడుకున్నది పీక్ అవర్‌లో లైనును ఆదుకుంది.

ఎంత ఆదుకుంటుందో మళ్లీ ఊహ లెక్కతో చూద్దాం. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లి, తిరిగి, నాగోల్ వచ్చి, మళ్లీ బయలుదేరడానికి మొత్తం 112 నిమిషాలు అనుకోండి. ఐదు నిమిషాలకు ఒక బండి నడపాలంటే 23 బండ్లు కావాలి. గంటకు 12 బండ్లు. ఇప్పుడు పడమట గంటకు 18 కావాలి. లైను మొత్తం పెంచితే మూడు నిమిషాల ఇరవై సెకన్లకు ఒకటి నడపాలి, దానికి 34 బండ్లు. అంటే 11 బండ్లు అదనం. అదే అమీర్‌పేట–రాయదుర్గం మధ్య ఒక చుట్టు 50 నిమిషాలైతే, పది నిమిషాలకొకటి చొప్పున తిప్పడానికి 5 బండ్లు చాలు. 11 బండ్ల పని, కావలసిన చోట, 5 బండ్లతో అయిపోయింది. మూడు కారిడార్లకు కలిపి ఉన్నవే 57 బండ్లు. అందులో కొన్ని మెయింటెనెన్స్‌లో, కొన్ని స్పేర్‌లో ఉంటాయి. కాబట్టి ఆ ఆరు బండ్ల ఆదా చిన్నది కాదు.

ఇంతవరకు కాగితం మీద బాగుంది. ప్లాట్‌ఫాం మీద చిక్కు వేరు.

పూర్తి లైను బండ్లు ఐదేసి నిమిషాలకు వస్తున్నాయి. వాటి మధ్య పది నిమిషాలకొక షార్ట్ లూప్ బండిని దూర్చాలి. అప్పుడు అమీర్‌పేటలో వ్యవధులు ఇలా పడతాయి: ఐదు నిమిషాలు, రెండున్నర, రెండున్నర, మళ్లీ ఐదు. ఐదు నిమిషాల తర్వాత వచ్చే బండికి రెట్టింపు జనం పోగవుతారు, పైగా అది నాగోల్ నుంచి నిండే వస్తుంది. రెండున్నర నిమిషాలకు వచ్చే షార్ట్ లూప్ బండి అమీర్‌పేటలో ఖాళీగా మొదలవుతుంది, సగం ఖాళీగానే వెళ్లిపోతుంది. లెక్కలో యాభై శాతం పెరిగింది, మనిషికి మాత్రం అంత అందలేదు. బయటి నుంచి చూసేవాళ్లు, "ముందు బండి కిక్కిరిసి పోయింది, వెనక బండి ఖాళీగా వచ్చింది, వీళ్లకు ప్లానింగ్ లేదు" అంటారు.

సరిచేయడానికి దారి ఉంది. నాగోల్ నుంచి వచ్చే బండ్ల వ్యవధిని కావాలనే ఎగుడుదిగుడు చేయాలి, ఒకటి 3 నిమిషాల 20 సెకన్లకు, తర్వాతిది 6 నిమిషాల 40 సెకన్లకు. ఆ పెద్ద సందులో షార్ట్ లూప్ బండి పడితే అమీర్‌పేట అవతల అన్నీ సమానంగా 3 నిమిషాల 20 సెకన్లకు వస్తాయి. కానీ అప్పుడు తార్నాకలో, హబ్సిగూడలో, ఉప్పల్‌లో నిలబడ్డవాళ్లు ఒకోసారి దాదాపు ఏడు నిమిషాలు ఎదురుచూడాలి. తూర్పు వాళ్ల ఓపికతో పడమటి సౌకర్యం కొనాలా?

నా సమాధానం నేను చెప్తాను. ఉదయం పూట కొనొచ్చు. ఉదయం నాగోల్ వైపు స్టేషన్లలో ఎక్కేవాళ్లకు బండిలో చోటు దొరుకుతుంది, చాలామందికి సీటు కూడా దొరుకుతుంది. ఒకటిన్నర రెండు నిమిషాలు ఎక్కువ ఆగినా కూర్చుని వెళ్తారు. అమీర్‌పేటలో మారేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు, వాళ్లు అప్పటికే ఒక బండిలో నిలబడి వచ్చారు. సాయంత్రం మాత్రం కొనకూడదు. సాయంత్రం అమీర్‌పేటలో బండి మారి నాగోల్ వైపు వెళ్లేవాళ్లు అలసిపోయి ఉంటారు, ఆ ఏడు నిమిషాల్లో ప్లాట్‌ఫాం ఇరుకైపోతుంది. అందుకే ఉదయానికి ఒక టైమ్‌టేబుల్, సాయంత్రానికి ఇంకోటి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. రెండు పూటలకూ ఒకే అచ్చు వేయడం తయారుచేసేవాళ్లకు సులువు, అంతే.

షార్ట్ లూప్‌తో ఇంకో చిక్కు సాయంత్రం కనిపిస్తుంది. మాదాపూర్‌లో ఒకసారి నా పక్కన నిలబడిన ఒక అమ్మ, చేతిలో కూరగాయల సంచితో, వచ్చిన బండిని చూపించి అడిగింది: "అన్నా, ఇది నాగోల్ పోతదా, అమీర్‌పేటలనే ఆగుతదా?" బోర్డు చూసి అమీర్‌పేట దాకే అన్నాను. "అయితే ఎక్కను. ఆడ దిగి మళ్ల ఎక్కుడు నాతోని కాదు" అంది. ఆ బండిలో చోటుంది. అయినా ఆమె వదిలేసి నిండు బండి కోసం ఆగింది. ఆమె లెక్క తప్పు కాదు. తార్నాకకో ఉప్పల్‌కో వెళ్లాల్సిన మనిషి అమీర్‌పేటలో దిగితే, వెనక వచ్చే నిండు బండిలో మళ్లీ నిలబడాల్సిందే. షార్ట్ లూప్ బండి ఖాళీని ప్లానర్ సామర్థ్యం కింద లెక్కేస్తాడు, ఆమె దాన్ని తన బండిగా లెక్కేయలేదు.

ఆగిన 169 రోజులు, ఆ తర్వాత

కోవిడ్‌తో 2020 మార్చి 22న మెట్రో ఆగింది. సెప్టెంబర్ 7న మొదటి కారిడార్, 8న మూడోది, 9న మొత్తం తెరిచారు. 169 రోజుల విరామం. బ్లూ లైన్ మళ్లీ మొదలైనప్పుడు యూసఫ్‌గూడలో బండి ఆగలేదు, అది కంటైన్‌మెంట్ జోన్‌లో ఉంది. మొదట్లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 12 వరకు, మళ్లీ సాయంత్రం 4 నుంచి 9 వరకే నడిపారు.

ఈ లైనును ఆ విరామం కంటే ఎక్కువ దెబ్బతీసింది వర్క్ ఫ్రమ్ హోమ్. పడమటి భాగం బతికేదే ఐటీ ఆఫీసుల మీద. ఆఫీసులు మూతబడి ఉంటే అమీర్‌పేట–రాయదుర్గం మధ్య బండ్లు గాలి మోసుకుని తిరిగాయి. ఆ రోజుల్లో రాత్రి వేళలు కూడా కుదించారు. తర్వాత జనం తిరిగొచ్చేకొద్దీ చివరి బండి వెనక్కి జరుగుతూ వచ్చింది. 2022 అక్టోబర్ 10 నుంచి రాత్రి 10.15కు బదులు 11కు చివరి బండి బయలుదేరడం మొదలైంది. ముప్పావు గంటే అనిపిస్తుంది. కానీ రెండో షిఫ్టు ముగించుకుని హైటెక్ సిటీలో బయటపడేవాళ్లకు ఇంటికి మెట్రోనా, క్యాబా అన్నది ఆ ముప్పావు గంటలోనే తేలుతుంది.

టికెట్ ధరల సంగతి క్లుప్తంగా చెప్తాను. 2017 నుంచి కనీసం 10, గరిష్ఠం 60 రూపాయలు. 2025 మే 17న 12 నుంచి 75కు పెంచారు, వారం తిరిగేసరికి పది శాతం తగ్గింపు అని ప్రకటించి 11 నుంచి 69కి తెచ్చారు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడం మెట్రో మీద ప్రభావం చూపింది. 2024లో నాగోల్, మియాపూర్ స్టేషన్ల దగ్గర పార్కింగ్‌కు డబ్బు తీసుకుంటామన్నప్పుడు ప్రయాణికులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. నాగోల్ వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. బోడుప్పల్, ఘట్‌కేసర్ వైపు నుంచి బైక్ మీద వచ్చి అక్కడ పెట్టి మెట్రో ఎక్కే మనిషికి పార్కింగ్ కూడా టికెట్‌లో భాగమే. మెట్రో నడిపే ఎల్ అండ్ టీ కంపెనీ నష్టాలు పెరిగాయి. 2025 సెప్టెంబర్‌లో మొదటి దశను, అంటే ఈ మూడు కారిడార్లను, రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది, దాదాపు 13 వేల కోట్ల అప్పుతో సహా.

యాజమాన్యం ఎవరిదైనా సర్వీసులో ముందు కావలసింది బోగీలు. ఈ లైను ప్లాట్‌ఫాంలను ఆరు బోగీల బండ్లు ఆగేలా కట్టారు. నడుస్తున్నవి మూడు బోగీలవి. బండి ఆగాక ప్లాట్‌ఫాం రెండు చివర్లా ఖాళీ గచ్చు కనిపిస్తుంది కదా, అది వాడని సామర్థ్యం. బండిని పొడిగిస్తే ఒక్కో తిరుగుడులో రెట్టింపు జనం వెళ్తారు, తిరిగే చోట ఒత్తిడి పెరగదు. అందుకే ఈ లైను మీద బండ్ల సంఖ్య పెంచడం కంటే బండి పొడవు పెంచడం మేలని నేను ఎప్పుడూ వాదిస్తాను.

లైను చివరలు మళ్లీ కదలబోతున్నాయి

2022 డిసెంబర్ 9న రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ ప్లాన్ పక్కకు వెళ్లింది. 2024 నవంబర్‌లో కేంద్రానికి పంపిన రెండో దశలో విమానాశ్రయం లైను నాగోల్ నుంచి మొదలవుతుంది, 36.8 కిలోమీటర్లు. ఇటువైపు రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్‌కు 11.6 కిలోమీటర్లు. అంటే ఇవి కడితే బ్లూ లైన్ రెండు చివరల అవతలా మెట్రో ఉంటుంది.

కోకాపేట భాగం డ్రాయింగులు నా చేతికొస్తే స్టేషన్లు ఎక్కడున్నాయని ముందు చూడను. రాయదుర్గం దగ్గర పట్టాలు ఎలా గీశారో చూస్తాను. మూడో పట్టా ఒకటి మధ్యలో ఉండి, నాగోల్ నుంచి వచ్చిన బండి దారి అడ్డం పెట్టకుండా అందులోకి వెళ్లి తిరగగలిగితే, కోకాపేటకు వెళ్లే బండి దాని పక్కనుంచే సాగిపోతుంది. అది లేకుండా వట్టి క్రాసోవర్ ఒక్కటే ఉంటే, రాయదుర్గంలో తిరిగే ప్రతి బండీ కోకాపేట బండిని ఒకటిన్నర రెండు నిమిషాలు ఆపుతుంది. అప్పుడు ఇన్ని బండ్లను కోకాపేట దాకా పంపాల్సి వస్తుంది, అక్కడ కొన్నేళ్ల పాటు అంత జనం ఉండరు. స్తంభాలు లేవకముందు ఆ మూడో పట్టాకు చోటు అడగడం ఒక గీత పని. లేచాక అడిగితే 2019లో హైటెక్ సిటీ ప్లాట్‌ఫాం మీద నడిచిన ఆపరేటర్ లాగే ఇంకొకరు నడవాల్సి వస్తుంది.